నెట్‌వర్క్‌లో పేరు లేకున్నా బిల్లు నిలబడాలి

వరంగల్‌లోనో హనుమకొండలోనో ఆక్యుపేషనల్ థెరపీ సెంటర్ తెరిస్తే, వచ్చిన కుటుంబం కుర్చీలో కూర్చోకముందే అడిగే మాట ఒకటుంది: "మీ దగ్గర ఇన్సూరెన్స్ నడుస్తదా?" ఆ వెంటనే ఇంకోటి: "ఆరోగ్యశ్రీ కార్డుంది, పనికొస్తదా?" చాలామంది థెరపిస్టులు మొహమాటపడుతూ "ఇంకా రాలేదండీ, ట్రై చేస్తున్నాం" అంటారు. బీమా కంపెనీల ఆఫీసుల చుట్టూ, వాటి తరఫున క్లెయిములు చూసే టీపీఏల చుట్టూ తిరుగుతారు. నెట్‌వర్క్‌లో చేరే ఫారం ఎక్కడ దొరుకుతుందని ఆరా తీస్తారు.

ఆ ఫారం దొరకదు. మన దేశంలో క్యాష్‌లెస్ నెట్‌వర్క్ ఆసుపత్రిని చేర్చుకుంటుంది, థెరపిస్టును కాదు. ఈ సంగతి మొదటి రోజే తెలిస్తే చాలా తిరుగుడు తప్పుతుంది. ఆ శ్రమను డబ్బు నిజంగా కదిలే దారుల్లో పెట్టవచ్చు. ఒకటి, నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రితో ఒప్పందం. రెండు, డిశ్చార్జ్ తర్వాతి థెరపీకి కుటుంబం తెచ్చుకునే రీయింబర్స్‌మెంట్. మూడు, వైకల్యం ఉన్న పిల్లలకు నిరామయ లాంటి పథకాలు. ఇవేవీ అందని వాళ్లకు ముందే చెప్పిన నగదు ఫీజు. వీటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

నెట్‌వర్క్ దేన్ని లెక్కపెడుతుంది

బీమా పాలసీల్లో 'ఆసుపత్రి' అనే మాటకు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ప్రామాణిక నిర్వచనం ఉంది. పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో కనీసం 10 పడకలు, మిగతా చోట్ల 15 పడకలు ఉండాలి. రోజంతా అర్హత ఉన్న నర్సులు, డాక్టరు ఉండాలి. సొంత ఆపరేషన్ థియేటర్ ఉండాలి. ప్రతి రోగికీ రోజువారీ రికార్డు రాయాలి. 2011 జనాభా లెక్కల్లో వరంగల్ నగరం పది లక్షల లోపే కాబట్టి ఇక్కడ 10 పడకల నర్సింగ్ హోమ్ కూడా ఆ నిర్వచనంలోకి వస్తుంది. అందుకే చిన్న ఆసుపత్రుల బోర్డుల మీద కూడా అన్ని క్యాష్‌లెస్ కంపెనీల పేర్లు కనిపిస్తాయి. మీ సెంటర్‌లో స్వింగులు, థెరపీ బాల్స్, స్ప్లింట్లు చేసే బల్ల ఎన్ని ఉన్నా, పడక లేదు కాబట్టి ఆ వరసలో చోటు లేదు.

2024 జనవరిలో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ 'క్యాష్‌లెస్ ఎవ్రీవేర్' ప్రకటించినప్పుడు ఇక ఎక్కడైనా నడుస్తుందని చాలామంది ఆశపడ్డారు. అది కూడా ఆసుపత్రులకే. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలో చేరినా క్యాష్‌లెస్ అడగవచ్చు. ముందే అనుకున్న చికిత్సకైతే 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల్లోపు కంపెనీకి చెప్పాలి. థెరపీ సెంటర్‌కు అందులో మార్పేమీ రాలేదు.

అమెరికాలో ఉన్న క్లాస్‌మేట్లు 'ఇన్-నెట్‌వర్క్ అయ్యాం' అని చెబితే కంగారు పడకండి. అక్కడ ఆక్యుపేషనల్ థెరపిస్టు సొంత పేరు మీద బీమా కంపెనీతో ఒప్పందం చేసుకోవచ్చు, మెడికేర్‌లోనూ నమోదు కావచ్చు. మూల్యాంకనానికి ఒక కోడ్, చికిత్సకు మరో కోడ్ వేసి బిల్లు పంపుతారు. అక్కడి బీమా ఓపీ సేవలకూ డబ్బు కడుతుంది. ఇక్కడి పాలసీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగి కోసం తయారైంది. అక్కడి సలహాలు చదివి ఇక్కడ దరఖాస్తులు రాస్తే పోస్టల్ ఖర్చు తప్ప మిగిలేది లేదు.

పాలసీలో మీ పని ఎక్కడ పడుతుంది

ఏ పాలసీ అయినా చేతికొస్తే మూడు చోట్ల వెతకండి.

మొదటిది, ఆసుపత్రిలో చేరిన కాలపు ఖర్చు. 24 గంటలకు మించి చేరిన రోగికి డాక్టరు రాసిన థెరపీని ఆసుపత్రి తన బిల్లులో చూపిస్తే అది చికిత్సలో భాగమే.

రెండోది, చేరే ముందు, డిశ్చార్జ్ తర్వాతి ఖర్చులు. 2020 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలన్నీ ఒకే నమూనాలో అమ్ముతున్న ఆరోగ్య సంజీవని పాలసీలో ముందు 30 రోజులు, తర్వాత 60 రోజులు ఉన్నాయి. కొన్ని పాలసీల్లో ఇంకా ఎక్కువ ఉంటుంది. ఆసుపత్రిలో చేరిన జబ్బుకు సంబంధించిన ఖర్చు అయి ఉండాలన్నదే ఇక్కడ ప్రధాన షరతు. సొంతంగా ప్రాక్టీస్ చేసే మీకు అన్నింటికంటే పనికొచ్చే చోటు ఇదే.

మూడోది, ఓపీడీ కవర్. మామూలు పాలసీల్లో ఉండదు, అదనపు ప్రీమియం కట్టిన వాళ్లకు ఉంటుంది. కంపెనీలు తమ ఉద్యోగులకు తీసుకునే గ్రూప్ పాలసీల్లో అప్పుడప్పుడు కనిపిస్తుంది. కొన్నిటిని యాప్‌ల ద్వారా నడుపుతారు, ఆ యాప్‌లు క్లినిక్‌లను కూడా చేర్చుకుంటాయి. మడికొండ ఐటీ పార్కులో పనిచేసే వాళ్లో, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ పిల్లల్ని ఇక్కడ అమ్మమ్మ దగ్గర ఉంచిన వాళ్లో వస్తే, "మీ గ్రూప్ పాలసీలో ఓపీడీ థెరపీ ఉందేమో హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి" అని చెప్పండి. జవాబు రాతలో ఉంటే ఆ తర్వాత క్లెయిమ్ దగ్గర పేచీ తగ్గుతుంది.

ఇక జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో ఐదో కోడ్ విశ్రాంతి, పునరావాసం, సంరక్షణ సేవల గురించి. చికిత్స కోసం కాకుండా ప్రధానంగా మంచం మీద విశ్రాంతి కోసమే చేరితే ఆ ఖర్చు ఇవ్వరని దాని సారాంశం. రోజువారీ పనులకు సాయం చేసే సంరక్షణ కూడా అందులోనే ఉంది. మన పని స్నానం, బట్టలు, తిండి లాంటి వాటి చుట్టూ తిరుగుతుంది కనుక, నోట్‌లో రాత సరిగ్గా లేకపోతే క్లెయిమ్ చూసే మనిషికి అది ఆయా పనిలా కనిపిస్తుంది. "రోగికి అన్నం తినిపించడంలో సాయం చేశాం" అని రాస్తే ఈ మినహాయింపులో పడేస్తారు. "కుడిచేతి పట్టు బలహీనత, చెంచా పట్టుకోలేకపోవడం, పట్టు పెంచే శిక్షణ 40 నిమిషాలు, మార్చిన పిడి ఉన్న చెంచాతో సాధన" అని రాస్తే అది చికిత్స అని తెలుస్తుంది.

మొదటి దారి: నెట్‌వర్క్ ఆసుపత్రితో ఒప్పందం

పక్షవాతం, తలకు దెబ్బ, వెన్నుపూస గాయం, చేతి నరాలు కండరాలు తెగిన కేసులు వచ్చే ఆసుపత్రులను ఎంచుకోండి. ఇది పత్తి, మిర్చి పండే ప్రాంతం; జిన్నింగ్ మిల్లులు, నూర్పిడి యంత్రాలు, మరమగ్గాలు చేతులను గాయపరుస్తూనే ఉంటాయి. ఎముకల డాక్టరు ఆపరేషన్ చేసి పంపిన చెయ్యి, సమయానికి స్ప్లింటు, సాధన లేక బిగుసుకుపోతే ఆ ఆపరేషన్‌కూ పేరు రాదు. న్యూరో, ఆర్థో, ప్లాస్టిక్ సర్జరీ డాక్టర్లతో మాట్లాడేటప్పుడు ఈ కోణం నుంచే మాట్లాడండి. వాళ్లకు మీ డిగ్రీ కంటే తమ రోగి ఫలితం ముఖ్యం.

ఒప్పందాలు సాధారణంగా మూడు రకాలుగా ఉంటాయి: నెల జీతం, ఒక్కో సెషన్‌కు ఇంత అని, లేదా వసూలైన దానిలో వాటా. నా సలహా సెషన్‌కు ఇంత అని మాట్లాడుకోమని. కారణం ఆరోగ్యశ్రీ లెక్కలో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆ పథకంలో ఆసుపత్రికి వచ్చేది ప్యాకేజీ ధర. మందులు, పరీక్షలు, బెడ్డు, థెరపీ అన్నీ అందులోనే సర్దుకోవాలి. 2023 డిసెంబరులో తెలంగాణలో కుటుంబ పరిమితి రూ.10 లక్షలకు పెరిగినా ఈ పద్ధతి అదే. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌దీ ప్యాకేజీల లెక్కే. అంటే ప్యాకేజీ రోగికి మీరు చేసే థెరపీకి ఆసుపత్రికి అదనంగా రూపాయి రాదు, మీ ఫీజు వాళ్లకు ఖర్చు. అందువల్ల వాటా పద్ధతిలో "ఈ కేసుకు ఏమీ రాలేదు" అనే మాట వినాల్సి వస్తుంది. పైగా బకాయిలు ఉంటాయి. 2025లో ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు ఆపేశాయి. ఆసుపత్రికే డబ్బు రానప్పుడు మీ వాటా ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే కాగితం మీద ఈ సంగతులు ఉండాలి. సెషన్ ధర ఎంత? ప్యాకేజీ రోగికి, ప్రైవేటు బీమా రోగికి, నగదు రోగికి ఒకటేనా, వేరువేరా? చెల్లింపు ఏ తేదీన? బీమా డబ్బు రాకపోయినా మీకు కడతారా? డిశ్చార్జ్ అయ్యాక రోగి మీ సొంత సెంటర్‌కు రావడానికి అభ్యంతరం ఉందా? ఈ చివరి ప్రశ్న ముందు అడగకపోతే తర్వాత మనస్పర్థలు వస్తాయి. ఆసుపత్రి ఇచ్చే వృత్తి రుసుములో మామూలుగా 10 శాతం టీడీఎస్ కోస్తుంది. అది మీ పాన్ మీద జమ అయిందో లేదో ఫారం 26ఏఎస్‌లో చూసుకోండి.

రోజువారీ పనిలో ఇంకో రెండు జాగ్రత్తలు. బిల్లులో, కేస్ షీట్‌లో 'ఓటీ' అని పొడి అక్షరాలు రాయవద్దు. ఆసుపత్రిలో ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్. మెడికల్ కేసులో 'ఓటీ చార్జీలు' కనబడగానే బీమా కంపెనీ నుంచి ప్రశ్న వస్తుంది, బిల్లు ఆగుతుంది. 'ఆక్యుపేషనల్ థెరపీ' అని పూర్తిగా రాయండి. రెండోది సమయం. 2024 మే 29న ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అనుమతి అడిగితే కంపెనీ గంటలోపు, డిశ్చార్జ్ అనుమతి అడిగితే మూడు గంటల్లోపు తేల్చాలి. అందువల్ల ఇన్సూరెన్స్ డెస్క్ వాళ్లు తుది బిల్లును త్వరగా పంపేస్తారు. మీ నోట్లు ముందురోజు సాయంత్రానికే ఫైల్‌లో లేకపోతే మీ సెషన్లు బిల్లు నుంచి జారిపోతాయి. టీపీఏ డెస్క్‌లో కూర్చునే ఉద్యోగితో, ఆరోగ్యశ్రీ కేసులు చూసే ఆరోగ్యమిత్రతో మంచిగా ఉండండి. మీ ఫైల్ దారి వాళ్లకే తెలుసు.

రెండో దారి: కుటుంబం తెచ్చుకునే రీయింబర్స్‌మెంట్

ఒక ఉదాహరణ తీసుకుందాం. నర్సంపేట దగ్గరి ఊరి రైతుకు పక్షవాతం వచ్చి హనుమకొండలో ప్రైవేటు ఆసుపత్రిలో చేరారు. కొడుకు తీసుకున్న పాలసీ మీద క్యాష్‌లెస్ అయింది. డిశ్చార్జ్ అయి మీ దగ్గరికి వచ్చారు. వారానికి మూడు సెషన్లు, ఎనిమిది వారాలు, సెషన్‌కు రూ.500 అనుకుంటే మొత్తం రూ.12,000. ఈ ఖర్చంతా 60 రోజుల గడువులో పడుతుంది. అడగడం తెలిస్తే తిరిగి వచ్చే అవకాశం ఉంది. కానీ చాలా కుటుంబాలు అసలు అడగవు, ఎందుకంటే క్యాష్‌లెస్‌తోనే పాలసీ పని అయిపోయిందనుకుంటాయి. వాళ్లకు ఈ మాట చెప్పే మొదటి మనిషి మీరే కావచ్చు.

అయితే ఆ క్లెయిమ్ నిలబడాలంటే కాగితాలు సక్రమంగా ఉండాలి. మొదటి రోజే ఇవి చూసుకోండి:

- డిశ్చార్జ్ సమ్మరీలో గానీ, చికిత్స చేసిన డాక్టరు ప్రిస్క్రిప్షన్‌లో గానీ 'ఆక్యుపేషనల్ థెరపీ' అనే పదం, ఎన్నాళ్లు, వారానికి ఎన్నిసార్లు అనేవి ఉన్నాయా? లేకపోతే థెరపీ మొదలుపెట్టకముందే డాక్టరు దగ్గర రాయించుకు రమ్మనండి. తర్వాత రాయిస్తే తేదీ తేడా వస్తుంది.
- బిల్లులో రోగి పేరు పాలసీలో ఉన్నట్టే ఉందా? ఇంట్లో పిలిచే పేరు వద్దు.
- జబ్బు పేరు డిశ్చార్జ్ సమ్మరీలో ఉన్నట్టే రాశారా? ఆసుపత్రి ఐసీడీ కోడ్ ఇస్తే అదే కోడ్ వేయండి.
- ఒక్కో సెషన్ తేదీ, వ్యవధి, ధర విడివిడిగా ఉన్నాయా? నెలాఖరుకు ఒకే మొత్తం రాసిన రసీదుకు విలువ తక్కువ.
- రసీదు నంబరు, సెంటర్ చిరునామా, నమోదు సంఖ్య, మీ పేరు, డిగ్రీ, సంతకం, ముద్ర ఉన్నాయా?
- డబ్బు యూపీఐ ద్వారానో బ్యాంకు ద్వారానో వచ్చిందా? నగదు అయితే రసీదు మీద ఆ మాట రాయండి.

వీటితో పాటు ఒక పేజీ ప్రగతి నివేదిక ఇవ్వండి. బార్తెల్ సూచిక మన వృత్తిలో అందరికీ తెలిసిందే: తినడం, స్నానం, లేచి కుర్చీలోకి మారడం లాంటి పది పనులకు 0 నుంచి 100 దాకా మార్కులు. మొదటి రోజు 35, ఆరో వారానికి 70 అని రాస్తే క్లెయిమ్ చూసే డాక్టరుకు ఇంకో పేజీ అక్కర్లేదు. చేతి గాయాలకైతే కీళ్ల కదలిక డిగ్రీల్లో, పట్టు బలం కిలోల్లో రాయండి. అంకె లేని నివేదికను పొగడ్తగానే చదువుతారు.

ఇక్కడ ఒక ఒత్తిడి తప్పకుండా వస్తుంది. "మేడం, కంపెనోళ్లకు ఫిజియోథెరపీ అయితే తెలుసు, అట్లనే రాసియ్యండి" అంటారు. కొందరు పాత తేదీలు వేయమంటారు, రాని సెషన్లు కలపమంటారు. ఒప్పుకోవద్దు. మీ డిగ్రీ ఒకటి, బిల్లు మీద సేవ ఇంకొకటి ఉంటే విచారణలో మొదట దొరికేది మీరే. తప్పుడు క్లెయిమ్ అని తేలితే కుటుంబం పాలసీ రద్దయ్యే ప్రమాదం ఉంది, మీ లెటర్‌హెడ్ చూసి కంపెనీ తర్వాతి రోగుల బిల్లులనూ అనుమానిస్తుంది. ఇంకో నష్టం కూడా ఉంది: ప్రతి ఆక్యుపేషనల్ థెరపీ బిల్లూ ఫిజియో పేరుతో వెళ్తే మన సేవ అనేది ఒకటుందని బీమా కంపెనీల లెక్కల్లో ఎప్పటికీ ఎక్కదు.

క్లెయిమ్ తిరస్కరిస్తే కుటుంబాన్ని వదిలేయకండి. పోరాడాల్సింది పాలసీదారే, కానీ వాళ్ల చేతికి మీరు ఇచ్చే ఒక వివరణ లేఖ చాలా బరువుంటుంది. ఏ లోపానికి ఏ చికిత్స, డాక్టరు సూచన ఏ తేదీది, ఇది విశ్రాంతి సంరక్షణ ఎందుకు కాదు అన్నవి అందులో ఉండాలి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. ఐఆర్‌డీఏఐ 'బీమా భరోసా' పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టవచ్చు. కంపెనీ నెలలోపు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

మూడో దారి: పిల్లలకు నిరామయ

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలతో పనిచేసే వాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన పథకం ఇది. 1999 నాటి చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ దీన్ని నడుపుతోంది. ఏడాదికి రూ.1 లక్ష దాకా కవర్. చేరే ముందు వైద్య పరీక్షలు అడగరు. ఓపీ ఖర్చులతో పాటు థెరపీలకు కూడా విడిగా ఒక పరిమితి ఉంది. అన్నింటికంటే ముఖ్యమైనది, నెట్‌వర్క్ ఆసుపత్రిలోనే చేయించుకోవాలన్న షరతు లేదు. ఖర్చు పెట్టి బిల్లులు పంపితే రీయింబర్స్ చేస్తారు. పడకల్లేని సెంటర్ బిల్లుకు మన దేశ బీమాలో ఇంత నేరుగా చోటిచ్చిన పథకం ఇంకోటి చూపడం కష్టం.

కుటుంబం దగ్గర వైకల్య ధ్రువపత్రం లేదా యూడీఐడీ కార్డు ఉండాలి. ధ్రువపత్రం కోసం ఎంజీఎం లాంటి ప్రభుత్వాసుపత్రి మెడికల్ బోర్డు చుట్టూ తిరిగేటప్పుడు తల్లిదండ్రులు నీరసపడతారు. కావాల్సిన కాగితాల చీటీ ఒకటి అచ్చు వేయించి రిసెప్షన్‌లో పెట్టండి. పాలసీ ఏటా రెన్యువల్ చేసుకోవాలి. గడువు నెల మీ రిజిస్టర్‌లో రాసుకుని ముందే ఫోన్ చేయించండి. థెరపీ పరిమితి ఏడాది పొడవునా మీ ఫీజుకు సరిపోదని కూడా ముందే చెప్పండి. అది ఊరట, పూర్తి ఖర్చు కాదు.

ప్రైవేటు బీమా విషయంలో రెండు సంగతులు తల్లిదండ్రులకు తెలియాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ మానసిక అనారోగ్యానికి శారీరక జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలంటోంది. 2023 ఫిబ్రవరిలో ఐఆర్‌డీఏఐ వైకల్యం ఉన్న వారి కోసం ఒక పాలసీ తేవాలని సాధారణ, ఆరోగ్య బీమా కంపెనీలన్నింటికీ చెప్పింది. అంటే "మీ బాబుకు ఆటిజం ఉంది, పాలసీ ఇవ్వం" అన్న మాట చివరి మాట కాదు. కాకపోతే పాలసీ రావడం వేరు, ఓపీ థెరపీకి డబ్బు రావడం వేరు. ఈ తేడా చెప్పకుండా ఆశ పెట్టవద్దు. ఆదాయపు పన్ను కట్టే తల్లిదండ్రులు పాత పన్ను పద్ధతిలో ఉంటే, వైకల్యం ఉన్న ఆధారితుల కోసం రూ.75,000, తీవ్ర వైకల్యమైతే రూ.1,25,000 మినహాయింపు ఉంది. ఆ సంగతి వాళ్ల ఆడిటర్‌ను అడగమనండి.

డబ్బు పెట్టలేని కుటుంబాలను ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మండల భవిత కేంద్రానికి, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే సత్వర చికిత్స కేంద్రానికి పంపండి. వాళ్లతో పరిచయం పెంచుకుంటే రెండు వైపులా రోగులు కదులుతారు.

సంస్థల సొంత వ్యవస్థలు

ఈ ప్రాంతంలో బీమా కంపెనీతో పని లేని కుటుంబాలు చాలా ఉన్నాయి. కాజీపేట రైల్వే ఉద్యోగులకు రైల్వే ఆసుపత్రి, భూపాలపల్లి సింగరేణి కార్మికులకు సంస్థ ఆసుపత్రి, నెలకు రూ.21,000 లోపు జీతమున్న మిల్లు, షాపు ఉద్యోగులకు ఈఎస్‌ఐ. వీటన్నింటిలో తాళం రెఫరల్ కాగితమే. రోగి ముందు మీ దగ్గరికి వచ్చి తర్వాత కాగితం కోసం వెళ్తే డబ్బు రాదు. ముందు వాళ్ల డాక్టరు దగ్గర రాయించుకుని రమ్మనండి. ఈఎస్‌ఐ కార్మికుడికి పనిలో చేతికి దెబ్బ తగిలితే మీ మూల్యాంకన నివేదిక వైద్యానికే కాదు, మెడికల్ బోర్డు అతని శాశ్వత వైకల్యం తేల్చేటప్పుడు కూడా పనికొస్తుంది.

మీ సొంత కాగితాలు

పై దారులన్నిటికీ మీ సెంటర్ కాగితాలు సరిగా ఉండటం పునాది. వైద్య సంస్థల చట్టం కింద జిల్లా వైద్యారోగ్యశాఖ కార్యాలయంలో నమోదు చేయించండి. 2021 నుంచి హనుమకొండ, వరంగల్ పేర్లతో రెండు జిల్లాలున్నాయి కాబట్టి మీ చిరునామా ఏ జిల్లాదో చూసుకుని ఆ కార్యాలయానికే వెళ్లండి. మీ డిగ్రీ, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు ఫ్రేమ్ కట్టి గోడకు పెట్టండి. ఓలట్‌పూర్‌లోనో, వేలూరులోనో, మణిపాల్‌లోనో చదివొచ్చిన వాళ్లను ఇక్కడి కుటుంబాలు ఫిజియో అనుకుంటాయి, తేడా కాగితం మీద కనబడాలి.

2021లో పార్లమెంటు చేసిన అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఆక్యుపేషనల్ థెరపీని ఒక ప్రత్యేక విభాగంగా గుర్తించింది. రాష్ట్ర మండలి నమోదుకు వీలున్న వెంటనే పేరు ఎక్కించుకోండి. ఆ నంబరు బిల్లు మీద ఉంటే "ఈయన ఎవరు?" అనే ప్రశ్నకు చట్టమే జవాబు చెబుతుంది. 1952 నుంచి ఉన్న అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘంలో సభ్యత్వం కూడా ఉంచుకోండి. వృత్తిపరమైన బాధ్యత బీమా తీసుకోండి, ఒక పడిపోవడం, ఒక వేడి స్ప్లింటు కాలిన గాయం చాలు కేసు రావడానికి.

కౌంటర్ దగ్గర ఏం చెప్పాలి

"ఇన్సూరెన్స్ నడుస్తదా?" అన్న ప్రశ్నకు రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయికి ఒకే జవాబు నేర్పండి: "మా దగ్గర క్యాష్‌లెస్ లేదండీ. ఈ మధ్య ఆసుపత్రిలో చేరి డిశ్చార్జ్ అయ్యారా? అయితే ఆ కాగితాలు చూపించండి, తిరిగి వచ్చే వీలుందేమో చూద్దాం. బాబుకు యూడీఐడీ కార్డు ఉందా? ఉంటే నిరామయ గురించి చెబుతాం." పక్కనే సెషన్ ఫీజు, మూల్యాంకన ఫీజు రాసిన బోర్డు పెట్టండి. మొదటి నెల ఖర్చెంతో అంచనా కాగితం ఇవ్వండి. బస్సు ఛార్జీ పెట్టుకుని పరకాల నుంచో ములుగు నుంచో వచ్చే వాళ్లకు వారానికి మూడు సెషన్ల బదులు ఒకటి ఇక్కడ, మిగతావి ఇంట్లో చేయించే పద్ధతి నేర్పితే వాళ్లు మధ్యలో మానేయరు. మధ్యలో మానేసిన థెరపీకి ఏ బీమా ఇచ్చినా ఫలితం లేదు.

ఈ నెలలోనే మొదలుపెట్టగలిగిన పనులు మూడు. మీ రసీదు పుస్తకాన్ని పైన చెప్పిన వివరాలతో మళ్లీ అచ్చు వేయించండి. గత రెండు నెలల్లో ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయి మీ దగ్గరికి వచ్చిన రోగుల జాబితా తీసి, గడువు దాటని వాళ్లకు ఫోన్ చేసి క్లెయిమ్ గుర్తు చేయండి. తెలిసిన ఒక్క న్యూరో లేదా ఆర్థో డాక్టరును కలిసి, డిశ్చార్జ్ సమ్మరీలో 'ఆక్యుపేషనల్ థెరపీ, వారానికి మూడుసార్లు, ఎనిమిది వారాలు' అన్న ఒక్క లైను రాయమని అడగండి. చాలా క్లెయిముల్లో ఖాళీగా ఉండేది ఆ లైనే. అది రాయడానికి ఆయనకు పట్టేది అర నిమిషం.